పికిల్‌బాల్ డబుల్స్: అంపైర్ లేని కోర్టులో ఎలా నడుచుకోవాలి?

హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లోనూ, గంటకింత అని అద్దెకిచ్చే కోర్టుల్లోనూ, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు పొద్దున్నే చేరే పార్కుల్లోనూ ఇప్పుడు పికిల్‌బాల్ ఆడే తెలుగువారు చాలామంది కనిపిస్తున్నారు. ఆట నేర్చుకోవడం తేలికే. గంటసేపట్లో సర్వ్ చేయడం వస్తుంది, పది రోజుల్లో ర్యాలీ నిలుస్తుంది. కోర్టు మర్యాదను మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఒకరి ముఖం మాడినప్పుడో, మరుసటి రోజు ఎవరో మనతో ఆడడానికి ఇష్టపడనప్పుడో అది మనకు తెలిసివస్తుంది. అంతవరకు రాకుండా, మొదటి రోజు నుంచే పాటించదగిన పద్ధతులను ఇక్కడ వరుసగా చెబుతాను.

ఈ ఆట పుట్టిందే ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవడానికి. 1965 వేసవిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్‌కు ఎదురుగా ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అనే ముగ్గురు తమ కుటుంబాల కోసం దీన్ని రూపొందించారు. పాత బ్యాడ్మింటన్ కోర్టు, టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి, ఇవే వాళ్ళ సరంజామా. తాతా మనవడూ, భార్యాభర్తలూ, ఆరితేరినవారూ నిన్ననే ప్యాడిల్ (ఈ ఆటలో వాడే బ్యాట్) పట్టినవారూ ఒకే కోర్టులో నిలబడే ఆట కాబట్టి ఇందులో మర్యాదకు మిగతా ఆటల్లో కంటే ఎక్కువ పని ఉంటుంది. పైగా మనం రోజూ ఆడే ఆటల్లో అంపైర్ ఉండరు. మీ వైపు పడిన బంతికి తీర్పు చెప్పవలసింది మీరే, ఆ తీర్పు వల్ల లాభమో నష్టమో పొందేదీ మీరే. ఈ ఒక్క విషయం మనసులో నిలుపుకుంటే కింద చెప్పేవన్నీ దానంతటవే అర్థమవుతాయి.

కోర్టులో అడుగు పెట్టే ముందు

మీ సమయానికి పది నిమిషాల ముందే చేరుకోండి. బూట్లు మార్చుకోవడం, ఒళ్ళు వేడెక్కించుకోవడం, నీళ్ళ సీసా నింపుకోవడం బయటే పూర్తి కావాలి. నలుగురిలో ఒకరు ఆలస్యంగా వస్తే మిగతా ముగ్గురు కట్టిన డబ్బు కూడా వృథా అవుతుంది. లోపలి కోర్టయితే నేల మీద నల్ల చారలు పడని నాన్ మార్కింగ్ బూట్లే వేసుకోవాలి.

మన అపార్టుమెంట్లలో చాలాచోట్ల షటిల్ కోర్టునే పికిల్‌బాల్‌కూ వాడుతున్నారు. రెండింటి కొలతా ఒకటే, 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అందువల్ల ఇబ్బందేమీ ఉండదని అనిపిస్తుంది కానీ, పాత గీతలే చాలా తగాదాలకు మూలం. షటిల్‌లో షార్ట్ సర్వీస్ లైన్ నెట్ నుంచి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. పికిల్‌బాల్‌లో కిచెన్ (నెట్ దగ్గర, గాలిలో ఉన్న బంతిని కొట్టకూడని స్థలం) గీత ఏడు అడుగుల దూరంలో ఉండాలి. ఈ అర అడుగు తేడాతో పక్కపక్కన రెండు గీతలు కనిపిస్తుంటే, ఒకరు ఒక గీతను, ఇంకొకరు మరో గీతను చూసి ఆడుతూ, ఇద్దరూ తమదే నిజమని గట్టిగా నమ్ముతారు. కిచెన్ గీతకు వేరే రంగు టేపు వేయించండి. అది వీలుకాని చోట, ఆట మొదలుపెట్టే ముందే నలుగురూ నెట్ దగ్గర నిలబడి ఏ గీత లెక్కలోకి వస్తుందో వేలితో చూపించి ఒప్పుకోండి. సింగిల్స్ సైడ్‌లైన్లు, వెనక బేస్‌లైన్‌కు కాస్త లోపల ఉండే డబుల్స్ సర్వీస్ గీత ఈ ఆటలో లెక్కకు రావని కూడా కొత్తవారికి అప్పుడే చెప్పాలి. నెట్‌ను పక్కల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు ఉండేలా దించుకోవాలి.

ఎన్ని పాయింట్ల గేమ్ అన్నది కూడా ముందే అనుకోండి. మామూలుగా 11 పాయింట్లు, రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. ఎక్కువమంది వేచి ఉన్నప్పుడు తక్కువ పాయింట్లతో ముగించుకునే చోట్లూ ఉన్నాయి. సర్వ్ చేసిన బంతి నెట్‌కు తగిలి సరైన గడిలోనే పడితే ఆట కొనసాగుతుందని 2021 నుంచి అమెరికా నియమావళి చెబుతోంది. అయినా అలవాటు కొద్దీ లెట్ (మళ్ళీ సర్వ్ చేయాలి) అని ఆగిపోయేవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఒకరు ఆగి, ఒకరు ఆడి, తరువాత వాదించుకోవడం కంటే ముందే ఒక మాట అనుకోవడం మేలు.

మీ వంతు వచ్చే వరకు

అమెరికా పార్కుల్లో వచ్చినవారు వచ్చినట్లు తమ ప్యాడిల్‌ను ఒక చట్రంలో వరుసగా పెడతారు, ఆ వరుసే వంతు. స్నేహితుడితో కలిసి ఆడాలని ప్యాడిళ్ళ స్థానాలు మార్చడం, రాబోయే స్నేహితుడి కోసం మరో ప్యాడిల్ పెట్టి ఉంచడం తప్పు. రైల్లో సీటు మీద రుమాలు వేసినట్లు ఇక్కడ చెల్లదు. గెలిచిన జోడీ నిలబడుతుందా, నలుగురూ దిగిపోతారా అన్నది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. కొత్త చోటికి వెళ్ళినప్పుడు అక్కడున్నవారిని అడిగి తెలుసుకుని, మీ ఊరి పద్ధతిని పక్కన పెట్టి వారి పద్ధతినే పాటించండి.

కొత్తగా వచ్చినవారు బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంటే, "మాతో ఒక గేమ్ ఆడతారా అండీ?" అని పిలవండి. రోజూ అదే నలుగురు అదే కోర్టును పట్టుకుని ఆడుతుంటే నియమం ప్రకారం తప్పు కాకపోవచ్చు గానీ, చూసేవారికి అది తలుపు మూసినట్లే ఉంటుంది. వేరే కోర్టు వెనకనుంచి నడిచి వెళ్ళవలసి వస్తే అక్కడి ర్యాలీ ముగిసే వరకు ఆగి, ఆడేవారు మిమ్మల్ని చూశాకే త్వరగా దాటండి.

స్కోరు గట్టిగా చెప్పండి

సర్వ్ చేసేవారు బంతి కొట్టే ముందు మూడు అంకెలు చెప్పాలి: మొదట తమ స్కోరు, తరువాత అవతలివారి స్కోరు, చివర తాము ఒకటో సర్వరా, రెండో సర్వరా అన్నది. ఆట మొదట్లో సర్వ్ చేసే జోడీకి ఒక్క సర్వరే ఉంటారు, వారిని రెండో సర్వర్‌గా లెక్కిస్తారు కాబట్టి "జీరో జీరో టూ" అని మొదలవుతుంది. షటిల్ నుంచి వచ్చినవారికి ఈ మూడో అంకె కొన్ని రోజులు తికమక పెడుతుంది. షటిల్‌లో ప్రతి ర్యాలీకీ పాయింట్ వస్తుంది, ఇక్కడ పాత పద్ధతిలో సర్వ్ చేసే జోడీకే వస్తుంది. అందుకే స్కోరు మరిచిపోవడం సహజం, అందులో సిగ్గుపడవలసింది లేదు. గొణుక్కున్నట్లు చెప్పి వెంటనే బంతి కొట్టడం మాత్రం మర్యాద కాదు. అవతలి చివర నిలబడినవారికి వినబడేలా చెప్పి, వారు సిద్ధంగా ఉన్నారో లేదో ఒకసారి చూసి, ఆ తరువాతే సర్వ్ చేయండి. స్కోరు తప్పని తోస్తే ర్యాలీ ఓడిపోయాక కాకుండా సర్వ్ కొట్టకముందే అడగాలి.

ఇన్ అనాలా, ఔట్ అనాలా

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. నియమం చాలా స్పష్టంగా ఉంది. నెట్‌కు మీ వైపు పడిన బంతికి తీర్పు చెప్పే బాధ్యత మీది, సందేహం వస్తే దాని లాభం అవతలివారిది. గీతకూ బంతికీ మధ్య ఖాళీ మీ కంటికి స్పష్టంగా కనిపించినప్పుడు మాత్రమే ఔట్ అనాలి. ఔట్ అనిపించింది, ఔటై ఉంటుంది, ఆ ఊపుకు లోపల పడే అవకాశమే లేదు అన్నవి ఏవీ చూసినట్లు కావు, అవన్నీ ఊహలే. గీతను తాకిన బంతి లోపలిదే. సర్వ్ చేసిన బంతి కిచెన్ గీతను తాకడం ఒక్కటే దీనికి మినహాయింపు, అది ఫాల్ట్.

"నేను సరిగ్గా చూడలేదు, రీప్లే వేసుకుందాం" అన్న మాట మన కోర్టుల్లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. పెద్దమనిషి తరహాలో, ఇద్దరికీ సమంగా న్యాయం చేసినట్లు అనిపిస్తుంది. నిజానికి అది న్యాయం కాదు. అవతలివారు మంచి బంతి వేసి గెలుచుకున్న పాయింట్‌ను మీరు చూడలేదన్న కారణంతో సగం వెనక్కి తీసుకుంటున్నారు. చూడకపోవడం మీ వైపు లోపం, దాని నష్టం మీరే భరించాలి. నియమావళి కూడా బంతిని చూడలేదన్న కారణంతో రీప్లే అడగకూడదనే చెబుతుంది. మీకు కనబడకపోతే అవతలివారిని "మీరు చూశారా?" అని అడగవచ్చు. వారు స్పష్టంగా చెబితే దానికి కట్టుబడాలి, వారూ చూడకపోతే బంతి లోపలిదే. జోడీలో ఒకరు ఔట్ అని, మరొకరు ఇన్ అంటే అక్కడ సందేహం ఉన్నట్లే, కాబట్టి అదీ లోపలిదే. పార్ట్‌నర్ ఔట్ అన్న బంతి లోపల పడడం మీరు చూసి ఉంటే, "లేదండీ, అది లోపలే పడింది" అని వెంటనే చెప్పండి. అది పార్ట్‌నర్‌ను వదులుకోవడం అవుతుందని కొందరు సంకోచిస్తారు. నా అనుభవంలో అలా చెప్పిన మనిషితో ఆడడానికి అందరూ ఇష్టపడతారు, ఆ పార్ట్‌నర్‌తో సహా.

ఔట్ అని చెప్పేటప్పుడు వెంటనే, గట్టిగా, చెయ్యి ఎత్తి చూపిస్తూ చెప్పండి. అవతలివారు తిరిగి కొట్టేలోపే ఆ మాట రావాలి. ముందు బంతి ఆడి, అది నెట్‌లో పడ్డాక "అసలు అది ఔటే" అనడం ఎంత నిజమైనా నమ్మేలా ఉండదు. బెంచీ మీద కూర్చున్నవారిని సాక్ష్యం అడగకండి. మీరు బెంచీ మీద కూర్చున్నవారైతే, అడిగినా తీర్పు చెప్పకండి.

నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. రాత్రి వాన పడి, తెల్లవారేసరికి కోర్టు చాలావరకు ఆరి, ఒక మూల మాత్రం తడి మిగిలి ఉంది. స్కోరు తొమ్మిది, తొమ్మిది. అవతలి వైపు ఆడుతున్న ఇంజనీరింగ్ కుర్రవాడు నా ఎడమ పక్కగా బలమైన బంతి వేశాడు. నేను తిరిగేలోపే అది దాటిపోయింది, నేను ఔట్ అన్నాను. అతను ఒక్క క్షణం ఆగి, "సరే అంకుల్" అని తన స్థానానికి వెళ్ళిపోయాడు. ఆ గేమ్ మేమే గెలిచాం. నీళ్ళు తాగడానికి ఆ పక్కగా వెళ్తుంటే సైడ్‌లైన్ టేపు మీద రూపాయి బిళ్ళ అంత గుండ్రటి తడి మచ్చ కనిపించింది. ముందు ర్యాలీలో ఆ తడి మూలకు దొర్లి తడిసిన బంతి అది. మచ్చలో సగం పసుపు టేపు మీద, సగం ఆకుపచ్చ నేల మీద ఉంది. నేను ఆ బంతి పడడం చూడలేదు, అది దూరంగా వెళ్తుందని మాత్రం అనుకున్నాను. వెంటనే అతన్ని పిలిచి మచ్చ చూపించి, "తప్పు నాది బాబూ, ఆ పాయింట్ నీది" అని చెప్పాను. అతను నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ గేమ్ మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి బంతికీ గీతకూ మధ్య నేల రంగు కనబడితే తప్ప ఔట్ అన్న మాట నా నోట రాకూడదని నియమం పెట్టుకున్నాను. మీకూ అదే పద్ధతి సూచిస్తాను: గీత పక్కన నేల రంగు చూశానా, లేదా అని మిమ్మల్ని మీరు అడగండి.

అవతలివారి తీర్పు మీకు తప్పనిపిస్తే ఒకసారి "ఖచ్చితంగా చూశారా?" అని మామూలు గొంతుతో అడగవచ్చు. చూశామంటే అక్కడితో ఆ మాట ముగియాలి. గీత దగ్గరికి నడిచి వెళ్ళడం, తల ఊపడం, మీ పార్ట్‌నర్ వైపు చూసి పెదవి విరవడం ఇవన్నీ మాటలు లేని నిందలు, మాటల కంటే ఎక్కువ బాధిస్తాయి. నలభై అడుగుల దూరం నుంచి మీరు చూసిన దాని కంటే ఆరడుగుల దూరం నుంచి వారు చూసింది సరైనదయ్యే అవకాశమే ఎక్కువ.

కిచెన్ గీత దగ్గర

నెట్‌కు రెండు వైపులా ఏడేసి అడుగుల మేర ఉన్న స్థలాన్నే కిచెన్ అంటారు. అక్కడ నిలబడి గాలిలో ఉన్న బంతిని కొట్టకూడదు. గీతను తాకినా, కొట్టిన ఊపులో తూలి లోపలికి అడుగు వేసినా ఫాల్టే. బంతి నేల మీద పడ్డాక లోపలికి వెళ్ళి ఆడవచ్చు, ఊరికే నిలబడినా తప్పు లేదు. కొత్తవారు కిచెన్‌లో కాలు పెడితేనే తప్పనుకుని భయపడుతుంటారు, వారికి ఓపికగా చెప్పండి.

ఈ ఫాల్ట్ ఎదుటివారికి కనబడడం కష్టం, ఎందుకంటే అందరి కళ్ళూ బంతి మీదే ఉంటాయి. మీ బూటు ముందు భాగం గీత మీద పడిందో లేదో మీ పాదానికి తెలుస్తుంది. తెలిసిన వెంటనే ర్యాలీ ఆపి "నా కాలు పడింది" అని చెప్పండి. అలాగే ఔట్‌గా వెళ్తున్న బంతి మీ ప్యాడిల్ అంచుకు రవ్వంత తగిలితే ఆ చిన్న శబ్దం మీ ఒక్కరికే వినబడుతుంది. చొక్కాకు రాసుకుంటూ పోయినా అంతే. ఎవరూ చూడని ఈ రెండు మూడు సందర్భాల్లో "టచ్" అని మీరే ఒప్పుకుంటే, ఇక మీరు ఔట్ అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

అవతలివారి కాలు పడిందని మీకు అనిపిస్తే చెప్పవచ్చు, వారు ఒప్పుకోకపోతే ఆ పాయింట్ మళ్ళీ ఆడాలి. ర్యాలీ ర్యాలీకీ అవతలివారి పాదాలే గమనిస్తూ ఉండడం మాత్రం ఆటను పోలీసు పని చేస్తుంది. స్నేహపూర్వకమైన ఆటలో ఒకటి రెండు సార్లు గమనించాక గేమ్ మధ్య విరామంలో నెమ్మదిగా చెప్పడం మేలు.

పార్ట్‌నర్‌తో

డబుల్స్‌లో మర్యాద అంటే నెట్ అవతలివారితోనే అనుకుంటాం. నేను చూసినంతలో కోర్టులో ఎక్కువగా నొచ్చుకునేది అవతలివారు కాదు, పక్కన నిలబడిన పార్ట్‌నరే.

ముందుగా మాట. ఇద్దరి మధ్యకు వచ్చిన బంతిని ఎవరు తీసుకోవాలో ఆట మొదట్లోనే అనుకోండి. సాధారణంగా ఫోర్‌హ్యాండ్ అటువైపు ఉన్నవారు తీసుకోవడం తేలిక. ఆ తరువాత ప్రతి బంతికీ "నాది", "నీది" అని గట్టిగా చెప్పండి. బయటికి వెళ్తున్నట్లున్న బంతిని వదలమని పార్ట్‌నర్‌కు చెప్పడానికి చాలామంది "ఔట్" అని అరుస్తారు. బంతి ఇంకా గాలిలోనే ఉంది కాబట్టి నియమం ప్రకారం అది తీర్పు కాదు, పార్ట్‌నర్‌కు సూచన మాత్రమే. అవతలివారు మాత్రం అది విని ఆట ఆగిపోయిందనుకుంటారు, బంతి లోపల పడిందా, ఇక గొడవే. ఇక్కడ తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. బంతి గాలిలో ఉన్నప్పుడు "వదిలెయ్" అనండి, నేల మీద పడ్డాక తీర్పుకు మాత్రమే "ఔట్" అనండి. మా కోర్టులో ఈ రెండు మాటలను ఇలా విడదీసుకున్నాక ఆ రకమైన వాదనలు పూర్తిగా ఆగిపోయాయి. తెలుగు రానివారితో ఆడేటప్పుడు "బౌన్స్" అనవచ్చు.

తరువాత, అడగకుండా పాఠాలు చెప్పకండి. బంతి నెట్‌లో పడిన ప్రతిసారీ "మోకాలు వంచాలి", "ప్యాడిల్ పైకి పెట్టు" అంటూ ఉంటే, ఎదుటి మనిషి తరువాతి బంతి కంటే మీ మాటకే ఎక్కువ భయపడతారు. చేతులు బిగుసుకుంటాయి, తప్పులు పెరుగుతాయి. నేర్పాలన్న కోరిక ఉంటే గేమ్ అయ్యాక "ఒక విషయం చెప్పనా?" అని అడగండి, సరేనంటే ఒక్కటే చెప్పండి. పాయింట్ పోయినప్పుడు నిట్టూర్చడం, ఆకాశం వైపు చూడడం, ప్యాడిల్‌ను తొడకు కొట్టుకోవడం కూడా పాఠం చెప్పడం లాంటివే. గెలిచినా ఓడినా పాయింట్ అయ్యాక ప్యాడిల్‌కు ప్యాడిల్ తాకించి "పర్వాలేదు, తరువాతి బంతి" అనండి. ప్రతి తప్పుకూ "సారీ, సారీ" అనేవారు కూడా కాస్త తగ్గించుకోవాలి, ఆ మాటకు ప్రతిసారీ జవాబు చెప్పవలసిన బరువు పార్ట్‌నర్ మీద పడుతుంది.

భార్యాభర్తలు ఒక జోడీగా ఆడేటప్పుడు దీన్ని మరింత శ్రద్ధగా పాటించాలని కోరుతున్నాను. బయటివారితో ఆడితే నోరు మెదపని మనిషి, భార్య బంతి వదిలేసరికి నలుగురి ముందు గొంతు పెంచడం నేను చాలాసార్లు చూశాను. ఆమె ఏమీ అనకుండా బంతి ఏరి తెచ్చి అవతలివారికి అందిస్తుంది, మరుసటి వారం నుంచి రావడం మానేస్తుంది. ఆట రాక కాదు, ఆ మాట పడలేక. ఆమె వైపు వచ్చిన బంతులన్నీ అడ్డంగా దూకి మీరే ఆడడం కూడా అలాంటిదే. దూకి ఆడడం డబుల్స్‌లో న్యాయమైన ఎత్తే. అయితే అది ఇద్దరూ ముందే అనుకున్నదై ఉండాలి. ఒకరు ఆడుతూ ఒకరు తప్పుకుంటూ ఉండేది డబుల్స్ కాదు.

అవతలి జోడీలో ఒకరు బలహీనులైతే

టోర్నమెంటులో బలహీనమైన ఆటగాడి వైపే బంతులు వేయడం వ్యూహం, అక్కడ ఎవరూ తప్పుపట్టరు. ఉదయపు స్నేహపూర్వక ఆటలో పదకొండు పాయింట్లూ ఒక్క మనిషి మీదే సాధిస్తే ఆ మనిషికి అవమానం, పక్కనున్న బలమైన ఆటగాడికి ఖాళీగా నిలబడడం, మీకు అభ్యాసం లేకపోవడం, ఇంతే మిగులుతుంది. కష్టమైన బంతులు బలమైనవారి వైపు వేసి మీ ఆట పదును పెట్టుకోండి. బలహీనుల వైపు ఆడదగిన బంతులు వేయండి, అయితే జాలి చూపుతున్నట్లు వారికి అనిపించేలా మరీ మెత్తగా వద్దు. వారికీ ర్యాలీ ఆడిన తృప్తి కావాలి.

పెద్ద వయసువారి నెత్తి మీదుగా లాబ్ వేసేటప్పుడు ఆలోచించండి. బంతి మీద చూపు నిలిపి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వెల్లకిలా పడి, చెయ్యి ఆనించబోయి మణికట్టు విరగ్గొట్టుకోవడం ఈ ఆటలో బాగా తెలిసిన ప్రమాదం. అరవై దాటినవారితో, మోకాళ్ళకు పట్టీ కట్టుకుని ఆడేవారితో ఆడేటప్పుడు ఆ ఎత్తును పక్కన పెట్టడం వల్ల మీ ఆటకు వచ్చే లోటేమీ లేదు. మీ మీదుగా లాబ్ వస్తే, ఒళ్ళు పూర్తిగా తిప్పి వెనక్కి పరుగెత్తండి, లేదా "నీది" అని పార్ట్‌నర్‌కు వదిలెయ్యండి.

బంతి ఎదుటివారి ఒంటికి తగిలితే నియమం ప్రకారం పాయింట్ మీదే, వారు కోర్టు బయట నిలబడి ఉన్నా సరే. పాయింట్ మీకు వచ్చినంత మాత్రాన పలకరించవలసిన అవసరం పోదు. వెంటనే చెయ్యి ఎత్తి, "తగిలిందా అండీ?" అని అడగండి. ముఖానికి తగిలితే నెట్ దగ్గరికి వెళ్ళి చూడండి. నెట్ అంచుకు తగిలి అదృష్టం కొద్దీ అవతల రాలిన బంతికి కూడా చెయ్యి ఎత్తడం ఆచారం, ఆ బంతికి కేరింతలు కొట్టకూడదు.

ఆట ఆపవలసినప్పుడు

పక్క కోర్టు బంతి మీ కోర్టులోకి దొర్లితే, ఎవరు ముందు చూస్తే వారు "బాల్!" అని అరిచి ఆట ఆపాలి. గెలవబోతున్న ర్యాలీ అయినా ఆపవలసిందే. కాలి కింద బంతి పడితే చీలమండ మడత పడుతుంది. ఆ పాయింట్ మళ్ళీ ఆడండి. వచ్చిన బంతిని దూరంగా తన్నకుండా, అడిగినవారి కళ్ళు మీ వైపు తిరిగాక నేల మీద మెల్లగా దొర్లించండి. మీ బంతి పక్క కోర్టులోకి వెళ్ళినప్పుడు వారి ర్యాలీ మధ్యలోకి పరుగెత్తకండి.

ఇళ్ళ మధ్య ఉన్న కోర్టయితే చప్పుడు గురించి కూడా ఆలోచించాలి. గట్టి ప్యాడిల్‌కు ప్లాస్టిక్ బంతి తగిలే టకటక శబ్దం మూసిన కిటికీల్లోంచి కూడా వినబడుతుంది. అమెరికాలో ఈ శబ్దం మీద ఇరుగుపొరుగువారు న్యాయస్థానానికి వెళ్ళిన సందర్భాలున్నాయి. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక, పిల్లల పరీక్షల రోజుల్లో ఏ వేళలు పాటించాలో సంఘంతో కూర్చుని నిర్ణయించుకోండి.

ఆట అయ్యాక

చివరి పాయింట్ అవగానే నలుగురూ నెట్ దగ్గరికి వచ్చి ప్యాడిళ్ళు తాకించాలి. పిడి వైపు తాకించడం చాలాచోట్ల ఆచారం, అంచులు దెబ్బతినవు. ఓడిపోయినప్పుడు మోచేయి నొప్పినో, ఎండనో, బంతినో కారణంగా చెప్పకుండా "బాగా ఆడారు" అనండి. వీలైతే వారు ఆడిన ఒక బంతిని గుర్తుచేసి చెప్పండి, "ఆ మూలకు వేసిన డింక్ అందనే లేదు" అన్నట్లు (డింక్ అంటే నెట్ దాటించి కిచెన్‌లో మెత్తగా వేసే బంతి). గెలిచినవారు స్కోరును ముచ్చటగా పదిమందికీ చెప్పనవసరం లేదు. కొత్తవారి పేరు అడిగి గుర్తుపెట్టుకోండి, రేపు పేరుతో పిలవవచ్చు.

వేచి ఉన్నవారుంటే కోర్టు మధ్యలో నిలబడి ఆట విశ్లేషణ పెట్టుకోకుండా బయటికి రండి. పగిలిన బంతిని అక్కడే వదలకుండా చెత్తబుట్టలో వేయండి, లేకపోతే తరువాతివారు దానితో నాలుగు ర్యాలీలు ఆడాక గానీ పగులు కనిపెట్టలేరు. నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు తీసుకోండి. షటిల్ కోర్టును వాడుకుని ఉంటే నెట్‌ను మళ్ళీ మధ్యలో ఐదు అడుగులకు, స్తంభాల దగ్గర ఐదు అడుగుల ఒక అంగుళానికి ఎత్తి, బిగువుగా కట్టి వెళ్ళండి. ఏడింటికి షటిల్ ఆడేవారు వస్తారు.